దాచుకున్న గొంతు

గాయకుడి నోటికి డాక్టరమ్మ తాళం వేసిందని తెలియగానే ఇంట్లో ముందుగా సంబరపడింది అతని కూతురు. ఇక నాన్న “పాలు తాగు”, “చెప్పులేసుకో”, “గోడ మీద గియ్యకు” అనలేడని ఆ పిల్లకి చక్కగా అర్థమైపోయింది. దాన్ని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నిజం పిచ్చుకైనా కాసేపు ఒక చోట వాలుతుందేమో గానీ ఇది వాలదు. ఇంకా బడికి వెళ్ళే వయసు రాలేదు, అక్షరాలు రావు. మాటలు మాత్రం ఇద్దరు ముసలమ్మలకి సరిపడా వచ్చు.

జరిగింది చిన్న విషయమేం కాదు. ఊరూరా తిరిగి పాడే బృందంలో అతనే ముఖ్య గాయకుడు. సాయంత్రం పాట, పొద్దున బస్సు, మళ్ళీ సాయంత్రానికి ఇంకో హాలు. కొన్నాళ్ళుగా గొంతు గరగరలాడుతున్నా వేడినీళ్ళు తాగుతూ నెట్టుకొచ్చాడు. చివరికి ఒక ప్రోగ్రాంలో, రాగం పైకి తీసి నిలబెట్టాల్సిన చోట, గొంతులో ఏదో పుటుక్కుమంది. నోరు తెరిచే ఉంది, పాట లేదు. సౌండ్ చూసే అతను మైకు పోయిందనుకుని వైర్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇంకో మైకు చేతికిచ్చారు. అందులోంచీ గాలే వచ్చింది. జనం ఇదేదో కొత్త రకం ముగింపు అనుకుని చప్పట్లు కొట్టారు.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి, తెర మీద అతని గొంతు అతనికే చూపించింది. తెల్లగా ఉండాల్సిన స్వరతంత్రి మీద ఎర్రటి మచ్చ.

“రక్తనాళం చిట్లింది,” అంది ఆవిడ. “మళ్ళీ నేను చూసేదాకా ఒక్క మాట వద్దు. గుసగుసలు అసలే వద్దు, అవి మరీ చేటు. కూనిరాగాలు వద్దు, గట్టిగా దగ్గొద్దు. ఇక అరుపంటారా, ఒక్క అరుపు చాలు. మళ్ళీ అక్కడే చిట్లితే ఆ మచ్చ గట్టిపడిపోతుంది. మాట్లాడుకోవడానికి పనికొస్తుంది గానీ పాట సంగతి మర్చిపోవాలి.”

గాయకుడికి పై ప్రాణాలు పైనే పోయాయి. అతనికి పాట తప్ప ఇంకో పని రాదు. మాటవరసకి అనడం కాదు, నిజంగానే రాదు. బల్బు మార్చమంటే హోల్డరు ఊడబెరికిన మనిషి.

ఆ ఇంట్లో బల్బులు మార్చేది, కుళాయిలు బిగించేది అతని భార్య. ఆమె డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతుంది. ఆ స్కూలు కార్లలో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, నేర్చుకునేవాళ్ళు తడబడితే ఆపడానికి. రోజంతా ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని, “క్లచ్ అన్నానా నేను? బ్రేక్! బ్రేక్!” అని అరిచీ అరిచీ ఆమె గొంతు వీధి చివరిదాకా వినపడేలా తయారైంది. ఇంట్లో ఉప్పు అందించమన్నా అదే గొంతు. అతను చెవులు మూసుకుని “మెల్లిగా, తల్లీ” అనేవాడు. “ఇంట్లో రెండు గొంతులున్నాయి. ఒకటి దాచుకునేది, ఒకటి వాడుకునేది,” అనేది ఆమె.

ఆ మాట నిజమే. అతను గొంతుని పసిపిల్లలా సాకాడు. చల్లనివి తాగడు, ఫ్యాను కింద పడుకోడు, వాన పడితే మెడకి మఫ్లరు. తిరిగే రోజుల్లో ఇంటికి ఫోన్ చేసినా పొడి పొడిగా రెండు ముక్కలు మాట్లాడి, “సాయంత్రం ప్రోగ్రాం ఉంది, గొంతుకి రెస్టు” అని పెట్టేసేవాడు. అదే మనిషి స్టేజి ఎక్కాక చివరి పాట ముందు మాత్రం క్రమం తప్పకుండా ఒక ఉపన్యాసం ఇచ్చేవాడు. “నేను ఇక్కడ నిలబడి పాడుతున్నానంటే ఇంటి దగ్గర నా భార్య, మా అత్తగారు, నా చిన్నారి కూతురు...” అని గొంతు కాస్త గద్గదం చేసుకునేవాడు. నటన కాదు, ఆ క్షణాన నిజంగానే గుండె కదిలేది. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. భార్య ఒకసారి ఎవరో పంపిన వీడియోలో అది చూసి, “బాగానే చెప్పావు. మాకు తప్ప అందరికీ చెప్పావు,” అని నవ్వేసింది.

ఇప్పుడు నోరు కట్టేసి ఇంట్లో కూర్చోబెట్టాక గానీ ఆ ఇల్లు ఎలా నడుస్తుందో అతనికి తెలీలేదు. పొద్దున్నే భార్య పళ్ళు తోముకుంటూ అతని పాటే తప్పు తాళంలో మూలుగుతుంది. అత్తగారు స్విచ్చులతో మాట్లాడుతుంది, “ఏమే, నువ్వు గీజరువా, లైటువా?” అని. పిచ్చుక ఎడమ చెప్పు కుడికాలికేసుకుని, “ఇదే బావుంది” అని వాదించి గెలుస్తుంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ ఎవరిదీ వినరు, అయినా పనులన్నీ జరిగిపోతాయి. వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తుంటే అతనికి కళ్ళు చెమర్చేవి. ఎన్ని పొద్దుల్లో ఇదంతా ఇక్కడ ఇలాగే జరుగుతుండగా తను ఏదో హోటల్ గదిలో, ఎక్కడికెళ్ళినా అదే వాసన వేసే తువ్వాలు మెడకి చుట్టుకుని పడుకున్నాడో! అదృష్టవంతుణ్ణి అనుకునేవాడు. ఆ వెంటనే, పాట పోతే ఈ ఇంట్లో తనెవరు అనుకునేవాడు.

పెద్దవాళ్ళతో పలక మీద రాసి నెట్టుకొచ్చేవాడు. పిచ్చుకకి చదువు రాదు కదా, దాని కోసం ఒక ఆట పుట్టింది. అతను నోరు పెద్దగా తెరిచి, ఊపిరి పట్టి, చప్పుడు చెయ్యకుండా నిలబడతాడు. నాన్న నోట్లో ఏ మాటుందో పిచ్చుక చెప్పాలి. “ఏనుగు! అరటిపండు! అమ్మమ్మ గురక!” ఏది చెప్పినా అతను చప్పట్లు కొడతాడు. నాన్న నోరు తెరిచాడంటే చాలు, ఎక్కడున్నా, ఏం చేస్తున్నా అది టక్కున ఆగి, కళ్ళు చికిలించి అతని నోటి వంకే చూసేది. పళ్ళ బ్రష్షు నోట్లో ఉన్నా సరే. దాన్ని ఒకచోట నిలబెట్టగలిగిన ఘనత ప్రపంచంలో ఆ ఆటకే దక్కింది.

ఆ ఆదివారం అందరూ కలిసి డ్రైవింగ్ నేర్పే మైదానానికి వెళ్ళారు. గోడౌన్ల వెనక ఖాళీగా పడున్న సిమెంటు నేల అది. ఆ రోజు నేర్చుకునే ఆయన ఈమధ్యే రిటైరైన లెక్కల మాస్టారు. ముందుకెళ్ళడంలో దిట్ట, రివర్స్ అంటే మాత్రం ఆయనకి సింహస్వప్నం.

“పిల్లని చూస్తుండు,” అని భార్య అతనితో చెప్పి, వెళ్ళి మాస్టారు పక్కన కూర్చుంది. అతను తలూపాడు.

అత్తగారు గోడ నీడలో గుడ్డ పరిచి, ఫ్లాస్కు మూత రాక దానితో తగువు పెట్టుకుంది. పిచ్చుక బంతి విసురుకుంటోంది. గాయకుడు కాస్త దూరంలో రివర్స్ నేర్పడానికి హద్దుగా పెట్టి, కారు తగిలి పడిపోయిన గుర్తు కర్రని నిలబెడుతున్నాడు. ఏదో పని చేస్తున్నానన్న తృప్తి. తల ఎత్తేసరికి బంతి దొర్లుకుంటూ పోతోంది, దాని వెనక పిచ్చుక పోతోంది, కారు మెల్లగా వెనక్కొస్తోంది. మాస్టారు అద్దం వంక కాక స్టీరింగు వంక చూస్తున్నాడు.

పరిగెత్తి అందుకునే దూరం కాదు. పిలిస్తే వినపడే దూరం.

గాయకుడు నోరు తెరిచాడు. ఇన్నేళ్ళ సాధన కదా, పొట్ట నిండా ఊపిరి దానంతటదే వచ్చి నిలబడింది. పిచ్చుక ఇటు తిరిగి అతన్ని చూసింది. టక్కున ఆగింది. సరిగ్గా కారు వెనక. అతని కళ్ళ ముందు ఆ ఎర్రటి మచ్చ కదిలింది. నోరు మూతపడింది. ఆ తర్వాత పరిగెత్తాడు, చేతులు ఊపుతూ, చెప్పు ఒకటి ఊడిపోతే ఒంటికాలి చెప్పుతోనే.

కారు కీచుమని ఆగింది. భార్య అద్దంలో చూసి తన వైపు బ్రేకు తొక్కేసింది. కారు వెనక భాగానికీ పిచ్చుక గౌనుకీ మధ్య జానెడు చోటు కూడా లేదు. పిచ్చుక మాత్రం ఆ కారునే పట్టించుకోలేదు. ఇంకా తండ్రి నోటి వంకే చూస్తోంది.

ఆ తర్వాత జరగాల్సిన గొడవంతా జరిగింది. భార్య దిగి పిల్లని ఎత్తుకుని, మాస్టార్ని, తల్లిని, బంతిని, ఆ మైదానం కట్టినవాణ్ణి కలిపి చెడామడా తిట్టింది. మాస్టారు సిమెంటు నేల మీదే చతికిలబడి, “నాకు కారొద్దు, నడిచే వెళ్తాను, జీవితాంతం నడుస్తాను,” అన్నాడు. అత్తగారు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

“నేను చూశానే తల్లీ! అల్లుడుగారు నోరు తెరిచారు, అరవాలని పాపం ఎంత కొట్టుకున్నారో. మాట రాలేదే! కన్నకూతురు కళ్ళ ముందు పోతున్నా మాట రాలేదంటే ఇక ఆ గొంతు...” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గాయకుడు ఊపిరాడక రొప్పుతున్నాడు. అత్తగారి మాట చెవిన పడింది. మాట రాలేదు. అవును, రాలేదేమో. నీళ్ళల్లో పడ్డవాడు దొరికిందల్లా పట్టుకున్నట్టు అతను ఆ మాటని పట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక పక్కవాళ్ళు పరామర్శకి వచ్చారు. అత్తగారు అదే కథ చెప్పింది, ప్రతిసారీ అల్లుడి కష్టం కాస్త పెంచుతూ. వచ్చినవాళ్ళంతా అతన్ని చూసి నిట్టూర్చారు. “అంతేనటమ్మా? నిజంగా మాట రాలేదా?” అని పక్కింటావిడ భార్యనడిగింది. భార్య పిచ్చుక తల తుడుస్తూ, “అవునండీ. రాలేదు,” అంది. తల ఎత్తలేదు.

ఇక అప్పట్నుంచి గాయకుడికి అన్నం సయించలేదు. పైకి చూస్తే గొంతు పోతుందన్న దిగులు అనిపిస్తుంది, అందరూ అలాగే అనుకున్నారు. లోపల జరుగుతున్నది వేరు. నిజంగా మాట రాలేదా? ఊపిరి వచ్చింది కదా. గొంతు తెరుచుకోబోయింది కదా. మూసిందెవరు? గొంతు మూసుకుపోయిందా, తను మూశాడా? స్నానాల గదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఒక్కసారి చిన్నగా “ఆ” అని చూస్తే తేలిపోతుంది. వెళ్ళాడు కూడా. కుళాయి తిప్పాడు. అద్దంలో తన మొహం చూసుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది. నోరు తెరవడానికి ధైర్యం చాల్లేదు. బకెట్ నిండి పొర్లిపోతుంటే అత్తగారు తలుపు కొట్టింది, “అల్లుడుగారూ, బానే ఉన్నారా?” అని.

పిచ్చుక ఆట ఆడమని వెంటపడింది. “నాన్నా, నోరు తెరువు!” అతను తల అడ్డంగా ఊపాడు. అది బతిమాలింది, అలిగింది, కాళ్ళు నేలకేసి కొట్టింది. అతను దాన్ని గట్టిగా పట్టుకుని భుజానేసుకున్నాడు గానీ నోరు మాత్రం తెరవలేదు.

ఇంకొకటి కూడా అతను గమనించాడు. భార్య పిల్లని అతనొక్కడి దగ్గర వదిలి వెళ్ళడం మానేసింది. క్లాసులకి వెళ్ళేటప్పుడు, “అమ్మా, నువ్వు ఉంటావుగా?” అని రెండుసార్లు అడిగేది. కళ్ళజోడు మార్పించుకోవాలని అత్తగారు తొందరపడుతుంటే, “తర్వాత వెళ్దువులే” అని ఆపేసింది. ఒకరోజు అత్తగారికి ఒంట్లో బాగాలేకపోతే పిల్లని స్కూలు ఆఫీసుకి వెంటబెట్టుకుపోయింది. తనకి శ్రమ ఇవ్వకూడదనే కాబోలు అనుకున్నాడు అతను. అలా అనుకుంటే కాస్త ఊరట.

డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు వచ్చింది. బృందం మేనేజరు పొద్దున్నే ఫోన్ చేసి భార్యతో, “బస్సు సిద్ధంగా ఉందమ్మా, ఆయన సరేనంటే చాలు, లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి,” అన్నాడు. ఆసుపత్రి వరండాలో కుర్చీల వరసలో కూర్చుని గాయకుడు కళ్ళు మూసుకున్నాడు. ఎవరు చూసినా గొంతు బాగుపడాలని మొక్కుకుంటున్నాడనే అనుకుంటారు. అతను తన మనసులోకి తొంగి చూసుకుని అదిరిపడ్డాడు. గొంతు పోయిందని చెప్తే బాగుండునని కోరుకుంటున్నాడు! పోతే పోనీ. పోయిందంటే ఆ రోజు రాలేదన్నమాట. రాలేదంటే తను మంచి తండ్రే.

కెమెరా ముక్కులోంచి దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తెర మీద రెండు తెల్లటి తీగలు, శుభ్రంగా.

“అబ్బ, ఎంత బాగా మానిందో చూశారా?” అంది డాక్టరమ్మ. “ఈ అనండి.”

“ఈ...” అన్నాడు.

వచ్చింది. కాస్త బొంగురుగా, కాస్త వణుకుతూ, కానీ అతనిదే, ఎక్కడా చెదరని గొంతు. మచ్చ లేదు.

“మధ్యలో ఎప్పుడైనా అరిచారా? గట్టిగా దగ్గారా?”

“లేదు డాక్టర్,” అంది వెనక నిలబడ్డ భార్య. “ఒక్కసారి కూడా అరవలేదు.”

అంతలో డ్రైవింగ్ స్కూలు నుంచి ఫోనొచ్చి ఆమె బయటికెళ్ళింది. గాయకుడు డాక్టరు వంక చూశాడు. ఇన్నాళ్ళకి అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాటలు ఇవీ:

“డాక్టర్... మొన్న ఆదివారం నేను అరవాలనుకుని ఉంటే, అరుపు వచ్చేదా?”

“ఎందుకు రాదు? అప్పటికే సగం మానింది కదా. అరుపు వచ్చేది, మీ పాట పోయేది. మంచిపని చేశారు. నా దగ్గరకొచ్చేవాళ్ళలో మీ అంత పట్టుదల ఉన్నవాళ్ళని చూళ్ళేదు,” అని ఆవిడ మెచ్చుకుంది. పాపం, ఆవిడకేం తెలుసు.

తిరుగు దారిలో భార్య కారు నడుపుతోంది. స్కూలు కారే. అతను పక్కన, నేర్పేవాళ్ళ సీట్లో కూర్చున్నాడు. ఆమె సంతోషంగా ఉందో లేదో మొహం చూస్తే తెలియడం లేదు. మాట్లాడడం లేదు. ఆ గొంతు అంతసేపు ఊరుకోవడం అతను ఎప్పుడూ ఎరగడు. చెప్పాలి. ఇంటికెళ్తే అత్తగారుంటుంది, పక్కవాళ్ళొస్తారు, మేనేజరు ఫోను మోగుతుంది, ఇక ఈ మాట లోపలే ఉండిపోతుంది. బయట హారన్ల మోత. మెల్లిగా మాట్లాడితే ఆమెకి వినపడదు. “ఆపు” అన్నాడు. వినపడలేదు. మళ్ళీ అన్నాడు. ఆమె గేరు మార్చింది. అతను కాలి కింద ఉన్న బ్రేకు తొక్కేశాడు.

కారు నడిరోడ్డు మీద ఎగిరిపడి ఆగింది. వెనక అందరూ హారన్లు కొట్టి తిట్లందుకున్నారు.

“బుద్ధుందా నీకు?” అని ఆమె ఎప్పటి గొంతుతో అరిచింది. ఆ అరుపు వినగానే అతనికి ఏడుపొచ్చింది. ఆమె తిట్టుకుంటూ కారుని పక్కకి తీసి, మూసేసి ఉన్న ఒక దుకాణం ముందు ఆపింది.

“ఏంటి?”

“ఆ రోజు...” అన్నాడు. గొంతు బొంగురుపోయింది. “మైదానంలో. మాట రాకపోవడం కాదు. వచ్చేదే. నేనే మూసుకున్నాను. అరిస్తే పాట పోతుందని మూసుకున్నాను. రెప్పపాటే. కానీ మూసుకున్నాను.”

ఆమె స్టీరింగు మీద చేతులు తియ్యలేదు. ముందుకే చూస్తూ, “తెలుసు,” అంది.

అతను ఆమె వైపు తిరిగాడు.

“ఆ సాయంత్రమే తెలుసు. స్నానం చేయిస్తుంటే అది చెప్పింది. ‘నాన్న నోరు పెద్దగా తెరిచి మళ్ళీ మూసేసుకున్నాడమ్మా. నేను ఆగి చూశాను కానీ ఏ మాటో చెప్పలేకపోయాను. ఓడిపోయాను,’ అంది.”

ఆగి చూసింది. తను నోరు తెరిచాడు కాబట్టే ఆగింది. తెరిచినవాడు అరవలేదు కాబట్టి అక్కడే నిలబడిపోయింది. అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఎన్నో ఊళ్ళల్లో ఎంతోమంది ముందు ఇంట్లోవాళ్ళ పేరు చెప్పి గద్గదమైన గొంతు ఇప్పుడు వెక్కిళ్ళు పెడుతోంది.

“మరి పక్కవాళ్ళతో... మాట రాలేదని నువ్వే...”

“ఇంకేం చెప్పమంటావు? మా ఆయన పిల్ల కన్నా గొంతే ఎక్కువనుకున్నాడని చెప్పనా?” ఆమె గొంతు కూడా వణికింది. “అమ్మ ముందు నువ్వు తల దించుకోవడం నేను చూడలేను. అందుకని చెప్పలేదు. కానీ నీ మీద ఎంత కోపంగా ఉందో తెలుసా? నువ్వు తింటుంటే కోపం. నువ్వు తినకపోతే కోపం. దాన్ని ఎత్తుకుంటే లాక్కోవాలనిపించేది.”

“నన్ను అడగలేదేం మరి?”

“అడిగితే ఒప్పుకునేవాడివి. అది నాకొద్దు. నువ్వే చెప్తావా లేదా అని చూశాను. నోరు లేనన్నాళ్ళూ పలక ఉంది కదా. పలక మీద రాస్తావేమోనని రోజూ చూశాను. ‘ఉప్పు తక్కువైంది’ అని రాశావు.”

“చెప్పకపోయుంటే?”

ఆమె ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఏముంది, నీ బట్టలు సర్ది బస్సెక్కించేదాన్ని. పాడుకునేవాడివి, తిరిగొచ్చేవాడివి. వస్తే అన్నం పెట్టేదాన్ని. పిల్లని మాత్రం నీ చేతిలో పెట్టి వీధి మలుపు దాకా కూడా వెళ్ళేదాన్ని కాదు. ఎప్పటికీ.”

ఆమె కారు తీసింది. అతను కాళ్ళు బ్రేకుకి దూరంగా ముడుచుకుని కూర్చున్నాడు. క్షమించిందా లేదా? అడగడానికి నోరు రాలేదు, ఈసారి నిజంగానే. మేనేజరు ఫోన్ చేశాడు. అతను తీసి, “రేపు చెప్తాను” అని పెట్టేశాడు. రేపు ఏం చెప్తాడో అతనికే తెలీదు. వెళ్ళాలంటే భయం, వెళ్ళకపోతే భయం. ఆమె పక్కన ఉంది, రోడ్డు చూసుకుంటూ నడుపుతోంది, దారిలో అడ్డొచ్చినవాణ్ణి యథాప్రకారం తిడుతోంది. అది వింటూ కూర్చోగలిగినందుకే అతను చేతులు జోడించాలనుకున్నాడు. జోడిస్తే మళ్ళీ తిడుతుందని ఊరుకున్నాడు.

ఇంటి ముందు పిచ్చుక, అత్తగారు మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నారు. కారు చూడగానే అత్తగారు లేచింది.

“ఏమందే డాక్టరు?”

“బాగైపోయిందమ్మా. మాటొచ్చేసింది.”

అత్తగారు అల్లుడి చెంపలు రెండూ పట్టుకుని నవ్వుతూ ఏడ్చేసింది. “దేవుడున్నాడు అల్లుడుగారూ!” అంది. అతను ఆవిడ కళ్ళల్లోకి చూడలేకపోయాడు. ఆవిడకి కూడా చెప్పాలి. సాయంత్రంలోగా చెప్పాలి.

భార్య ఇంజను ఆపలేదు. కారు దిగి, తలుపు తెరిచి పట్టుకుంది.

“అమ్మా, ఎక్కు. కళ్ళజోడు దుకాణం దగ్గర దింపుతాను. నాకు క్లాసుంది. మాస్టారు మళ్ళీ వస్తానన్నాట్ట.”

“ఇప్పుడా? మరి పిల్ల?”

భార్య పిచ్చుకని మెట్ల మీద నుంచి దింపి, దాని చెయ్యి తెచ్చి గాయకుడి చేతిలో పెట్టింది. అతని మొహంలోకి ఒక్క క్షణం చూసింది. జాగ్రత్త అనలేదు. వెళ్ళి కారెక్కింది. అత్తగారు అటూ ఇటూ చూసి, ఏమీ అర్థం కాకపోయినా, తనూ ఎక్కింది. కారు వీధి మలుపు తిరిగిపోయింది.

వీధిలో బళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. సైకిళ్ళు, మోటారు సైకిళ్ళు, పాల వ్యాను. ఇన్నాళ్ళూ ఇన్ని బళ్ళు ఇదే వీధిలో తిరుగుతున్నాయని అతనికి తెలీదు. లోపలికి వెళ్ళాలని కూడా తోచక అక్కడే నిలబడిపోయాడు.

“నాన్నా,” అంది పిచ్చుక, చెయ్యి గుంజుకుంటూ. “గట్టిగా పట్టుకున్నావు. నొప్పి.”

“సరే అమ్మా,” అన్నాడు.

కాస్త వదులు చేశాడు. వదల్లేదు.